అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చేపగా నా ఉద్యోగం

మా దుకాణంలో కొత్తగా చేరినవాళ్లకు మొదట అప్పగించేది అమ్మకం కాదు, తుడవడం కాదు. చేప పని.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను వైపు వెళ్లే దారిలో, కళ్లజోళ్ల షాపుకీ బెల్టుల షాపుకీ మధ్య ఇరుక్కున్న దుకాణం మాది. గాలాలు, రాడ్లు, రీళ్లు, సీసపు గుళ్లు, ఇక్కడివాళ్లు తంగూస్ అని పిలిచే నైలాన్ దారం అమ్ముతాం. చేపలు అమ్మం. అయినా ఎవరో ఒకరు లోపలికి తొంగిచూసి కొర్రమీను కిలో ఎంత అని అడిగి పోతూనే ఉంటారు. జీవితంలో ఎక్కువ భాగం ఆ దుకాణంలోనే గడిపి ఈమధ్యే విరమించుకున్నాను. నా తర్వాత ఆ కౌంటర్ వెనక నిలబడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ధరలు, కంపెనీలు మీకు ఫోనులోనే దొరుకుతాయి. అవి వదిలేస్తాను.

చేప పని అంటే ఏమిటో చెబుతాను. రాడ్ కొన్న మనిషి దుకాణంలో నిలబడి దాన్ని పట్టుకుంటాడు. దారం కొసకు చిన్న కొయ్యముక్క కట్టి ఉంటుంది. మనం దాన్ని పట్టుకుని బయటికి నడుస్తాం. ఒకసారి పరిగెత్తుతాం, ఒకసారి మొరాయిస్తాం, ఒకసారి వెనక్కి తిరిగి అతని వైపే వస్తాం. దారం తెగకుండా మనల్ని తిరిగి గడప దాకా తెచ్చుకోవడం అతని పని. దారం కూడా కావాలనే సన్నది ఎక్కించేవాళ్లం.

ఈ పద్ధతి మా ఓనరు ప్రసాదరావుగారు పెట్టింది. "కౌంటర్ మీద రీలు తిప్పి చూపిస్తే అది బొమ్మయ్యా. అవతల ప్రాణం ఉండాలి," అనేవారు. ఆదివారం ఉదయం మిగతా షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఈ తతంగమంతా అప్పుడే. నేను చేరిన కొత్తలో ఒక కానిస్టేబుల్ నన్ను ఆపాడు.

"ఏంది, గీ దారం పట్టుకొని ఎటు ఉరుకుతున్నవ్?"

"చేపను సార్," అన్నాను.

ఆయన నన్ను చూశాడు, దారాన్ని చూశాడు, దారం పోయిన దిక్కు చూశాడు. "మంచిగనే ఉన్నవ్ గదా," అని పక్కకు జరిగాడు.

ఫ్యాను కింద చదువు

నాది నల్గొండ వైపు పల్లె. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. నాంపల్లిలో కిరాయికి తీసుకున్న గదిలో ఫ్యాను లేదు. దగ్గర్లోని లైబ్రరీలో ఉంది. మొదట ఫ్యాను కోసమే వెళ్లాను. ఊరికే కూర్చుంటే లేపుతారని ముందర ఒక పుస్తకం తెరిచి పెట్టుకునేవాడిని. అలా తెరిచి పెట్టుకున్నవాటిలో ఒకదాన్ని చదివాను. తర్వాత ఇక ఆగలేదు. పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు కూడా చదివాను. డిగ్రీ లేదన్న లోటు నాకు ఎప్పుడూ తోచలేదు. ఆ హాల్లో నేను కూర్చోని బెంచీ లేదని మాత్రం కాస్త గర్వంగానే చెప్పుకుంటాను.

కానీ పుస్తకంలోని చేప వేరు, చెరువులోని చేప వేరు. ఒకసారి ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఈకలతో ఈగ బొమ్మను కట్టి చేపను పట్టడం గురించి చదివి పొంగిపోయాను. లక్డీకాపూల్ ఆఫీసులో పనిచేసే ఒక కస్టమర్ సార్‌కు కోడీకలతో ఈగలు కట్టి ఇచ్చాను. దాని వెనకున్న శాస్త్రం కూడా వివరించాను. ఆయన వారమంతా ఎదురుచూసి, చెరువు గట్టున రోజంతా కూర్చుని వచ్చారు.

"నర్సింహా, నీ ఈగను చూడనీకి చేపలన్నీ వచ్చినయ్," అన్నారు. "చూసి పోయినయ్."

చల్లటి దేశపు వాగుల్లో ఈగల్ని తినే చేప గురించి ఆ పుస్తకం. మన బొచ్చె చేపకు కావలసింది పల్లీల చెక్క. పుస్తకం తప్పు చెప్పలేదు, దాని ఊరి సంగతి అది చెప్పింది. అప్పటినుంచి ఏ పుస్తకం తెరిచినా రాసినవాడు ఏ నీళ్ల పక్కన కూర్చుని రాశాడో ముందు చూసుకుంటాను.

పుస్తకం నిలబెట్టిన సంగతులు కూడా ఉన్నాయి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపమని ప్రసాదరావుగారు మాకు నేర్పారు. ఎందుకని అడిగితే, "మా తాత తడిపేవాడు," అనేవారు. తంగూస్ పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే రాపిడికి వేడెక్కి, ముడి దగ్గరే బలం పోతుందని నేను లైబ్రరీలో చదివి ఆయనకు చెప్పాను. ఆయన చాలా సంతోషించారు. ఆ రోజంతా వచ్చినవాళ్లందరికీ అది తన తాతగారే కనిపెట్టినట్టు చెప్పారు.

దారం ఎక్కడ తెగుతుంది

పెద్ద చేప పడితే దారం నడి చెరువులో తెగుతుందని అందరూ భయపడతారు. నేను విన్న కథల్లో ఎక్కువ ఒడ్డు దగ్గరే తెగాయి. చేప అలిసిపోయి పక్కకు ఒరిగిందని మనిషి సంబరపడతాడు. రీలు మీది బ్రేకు మర బిగిస్తాడు. అప్పుడు చేపకు మనుషుల కాళ్లు కనిపిస్తాయి. అది ఆఖరుసారి గుంజుతుంది. దారానికి వదులు ఉండదు, టప్పున పోతుంది. అందుకే చేప దగ్గరికి వచ్చేకొద్దీ మర కాస్త వదలాలి. ఇది చెప్పడం తేలిక. గెలుస్తున్నామనిపించినప్పుడు పట్టు వదలడం మహా కష్టం. నేను చేపనై గడప దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అవతలి మనిషి ముఖం చూసేవాడిని. గడప చూడగానే బ్రేకు బిగించేవాళ్లే ఎక్కువ. అక్కడే ఒక్క గుంజు గుంజి దారం తెంపేసేవాడిని. ఆ దెబ్బ తిన్నవాళ్లు చెరువులో మళ్లీ ఆ పొరపాటు చేయలేదు.

ఒడ్డున ఇంకో ప్రమాదం ఉంది. పక్కనున్నవాడు. సాయం చేస్తానని దారం చేత్తో పట్టుకునేవాడు, పిడి ఉన్న వలను చేప తోక వైపు నుంచి తోసేవాడు. చేప కంటే వీళ్లు తెంపిన దారాలే ఎక్కువని నా అభిప్రాయం.

ఇక్కడ మా ఓనరుగారి గురించి నిజం చెప్పాలి. ఆయన మంచి గురువు, చెడ్డ ప్రేక్షకుడు. ఎదుటివాడు ఏదైనా తంటాలు పడి చేస్తుంటే చూస్తూ ఉండలేరు. ముడి సగంలో ఉండగానే "ఇలా ఇవ్వవయ్యా" అని లాక్కునేవారు. ఆయనకు వీపు చూపించి ముడివేయడం నేను తొలి నెలలోనే నేర్చుకున్నాను. మీ పై అధికారి ఇలాంటివాడైతే మీరూ అదే చేయండి.

ఈ అలవాటే ఆయనకూ ఆయన అన్నగారికీ మధ్య మాటలు లేకుండా చేసింది.

పెద్దసారు

కృష్ణమూర్తిగారిని మేం పెద్దసారు అనేవాళ్లం. వాళ్లది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. అన్న రైల్వేలో చేసి కాచిగూడలో ఉన్నారు, తమ్ముడు దుకాణం పెట్టారు. ఇద్దరూ ప్రతి ఆదివారం మధ్యాహ్నం కలిసి చెరువుకు వెళ్లేవారు. ఒకసారి పెద్దసారు గాలానికి అంతకుముందెన్నడూ చూడనంత బొచ్చె పడింది. ఆయన దాన్ని ఒడ్డు దాకా తెచ్చారు. తెగిపోతుందేమోనన్న ఆత్రంలో తమ్ముడు నీళ్లలోకి దిగి దారం చేత్తో పట్టుకున్నారు. తెగింది. పెద్దసారు రాడ్ నేల మీద పెట్టి బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత దుకాణం మెట్లెక్కలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఒకరి భోజనం గురించి ఇంకొకరు మూడో మనిషిని అడిగేవారు.

చాలా ఏళ్ల తర్వాత, నేను విరమించుకోవడానికి కొంతకాలం ముందు, ఒక ఆదివారం పెద్దసారు ఆటో దిగి వచ్చారు. అప్పటికి ఆయనకు పక్షవాతం వచ్చి తగ్గింది. కుడిచేయి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఎడమచేత్తో కర్ర పట్టుకుని మెల్లగా మెట్లెక్కారు.

"నర్సింహా, మీ ఓనరున్నాడా?"

ఓనరుగారు నా పక్కనే ఉన్నారు. "గీడనే ఉన్నరు సార్."

"ఉంటే చెప్పు, నాకో రాడ్ కావాలని."

ప్రసాదరావుగారు కౌంటర్ అద్దం తుడుస్తూ, తలెత్తకుండా, "ఏ చేపకో అడుగు," అన్నారు.

"బొచ్చెకి. పెద్దదానికి."

"ఆ చేత్తోనా అని అడుగు."

నేను అడగలేదు. అడగాల్సిన పని లేకుండానే పెద్దసారు జవాబిచ్చారు. "ఈ చేత్తోనే అని చెప్పు."

మా మెట్ల కింద ఆదివారాలు పాత పుస్తకాలు పరుచుకునే ఖాజా భాయ్ ఇదంతా వింటున్నాడు. "నర్సింహ భాయ్, టెలిఫోన్ ఎక్స్‌చేంజ్ల నౌకరీ దొరికిందా ఏంది నీకు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అద్దం తుడిచే చేయి మాత్రం ఒక క్షణం ఆగింది.

ఆటో ఎక్కించేటప్పుడు పెద్దసారు అసలు సంగతి చెప్పారు. "ఇంట్లో అందరూ నన్ను ప్రేమగానే చూస్తారయ్యా. అన్నం కలపబోతే కలిపి పెడతారు. గ్లాసు ఎత్తబోతే ఎత్తి ఇస్తారు. బొత్తాం పెట్టుకునే లోపల వాళ్లే పెట్టేస్తారు. ఇలాగే ఉంటే ఈ చెయ్యి ఇక నాది కాదని అనుకుంటుంది. ఒక్క పెద్ద చేప నర్సింహా. నా చేతుల్తో ఒడ్డుకి రావాలి. ఎవరూ ముట్టుకోకూడదు."

ఎవరూ అన్నప్పుడు ఆయన దుకాణం వైపు చూశారు.

గడప దాకా

వరుసగా కొన్ని ఆదివారాలు ఆయన వచ్చారు. దుకాణంలో స్టూలు మీద కూర్చునేవారు. నేను చేపను. మొదట్లో దారాలు తెగుతూనే ఉన్నాయి. కుడిచేతికి బలం లేదన్న కోపంతో ఆయన రీలు మీదే బలమంతా పెట్టేవారు.

సముద్రపు చేపల గురించి లైబ్రరీలో చూసిన ఒక పాత పుస్తకంలోని బొమ్మ నాకు గుర్తొచ్చింది. జెండా మోసేవాళ్లు నడుముకు కట్టుకునే తోలు గిన్నె లాంటిది ఉంటుంది. రాడ్ అడుగు అందులో ఆనుతుంది. నాంపల్లి స్టేషను దగ్గర చెప్పులు కుట్టే ఆయనకు బొమ్మ గీసి చూపిస్తే కుట్టి ఇచ్చారు. ఇక బరువంతా నడుము మీద, ఎడమచేతి మీద పడుతుంది.

"సార్, రీలు బలంతోని తిప్పేది గాదు," అన్నాను. "ఎడమచేత్తో రాడ్ లేపుండ్రి. చేప దగ్గరికొస్తది. మెల్లగ దించుండ్రి. దించుతుంటే దారం వదులైతది గదా, గా వదులును మాత్రమే కుడిచేత్తో చుట్టుండ్రి. లేపేటప్పుడు చుట్టొద్దు."

ఆయన అలాగే చేసి చూశారు. లేపారు, దించారు, చుట్టారు. చుట్టడానికి వేళ్లు కదిలితే చాలు. ఆయన తన కుడిచేతి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"దీనికి ఇంత మాత్రం వచ్చు," అన్నారు.

ఈ వారాలన్నీ ప్రసాదరావుగారు పడిన బాధ చెప్పలేను. అన్నగారి వేళ్లు రీలు పిడి మీద తడుముకున్న ప్రతిసారీ ఈయన చేతులు వాటంతటవే లేచేవి. అప్పుడు వెనక గదిలోకి వెళ్లి సర్దిన డబ్బాలే మళ్లీ సర్దేవారు.

ఒక ఆదివారం నేను దారం పట్టుకుని మూల తిరిగేసరికి ఖాజా భాయ్ ఆ రోజు అక్కడే కూర్చుని కొత్తగా తెచ్చిన పుస్తకాల కట్ట విప్పుతున్నాడు. అందులో నదుల గురించి లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. కొయ్యముక్కను మోకాలి కింద పెట్టుకుని, ఒక్క పేజీ చూసి లేద్దామని కూర్చున్నాను.

చేప ఎందుకు కదలడం లేదో చూడటానికి ప్రసాదరావుగారు వచ్చారు. తిడతారనుకున్నాను. ఆయన నన్ను చూసి, నా మోకాలి కింద నుంచి కొయ్యముక్క తీసుకున్నారు. "చదువుకో," అన్నారు.

ఆయన అంత మంచి చేప అని నాకు అప్పటిదాకా తెలియదు. పరిగెత్తారు, స్తంభం వెనక్కి దూరారు, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి దారం వదులయ్యేలా దుకాణం వైపే ఉరికారు. నేను పుస్తకం వదిలేసి పెద్దసారు పక్కకు వచ్చి నిలబడ్డాను. మూల మీద బోర్డు అడ్డం ఉండటంతో ఆయనకు అవతల ఎవరున్నారో కనిపించదు.

"నర్సింహా, ఇవాళ నీకేమైందయ్యా?" అన్నారు రాడ్ దించుతూ.

"నేను గీడనే ఉన్న సార్."

ఆయన తల తిప్పి నన్ను చూశారు. తర్వాత దారాన్ని చూశారు. దారం మళ్లీ వదులైంది. ఆయన ముఖంలో చిన్నగా నవ్వు మొదలైంది.

"ఎదురొస్తోంది చూడు. సెలవలకి అమ్మమ్మగారి ఊరెళ్లి కాలవ గట్టు మీద ఆడేటప్పుడు కూడా వాడంతే. ఓడిపోతున్నానని తెలిస్తే ఎదురు పరిగెత్తుకొచ్చేవాడు."

ఆయన తొందరపడలేదు. లేపుతూ, దించుతూ, చుట్టుతూ తెచ్చుకున్నారు. గడప దగ్గర బ్రేకు ఒక చుట్టు వదిలారు. చొక్కా తడిసిపోయి, ఆయాసపడుతూ, కొయ్యముక్క పట్టుకుని ప్రసాదరావుగారు గడప మీద నిలబడ్డారు.

"నర్సింహా," అన్నారు పెద్దసారు, "ఈ చేప బాగా ముసలిదైపోయిందని చెప్పు."

"దారం మాత్రం తెగలేదని చెప్పు," అన్నారు ప్రసాదరావుగారు.

చెరువు గట్టు

చలికాలంలో ఒక ఉదయం శంకర్‌పల్లి దాటాక ఉన్న చెరువుకు ముగ్గురం వెళ్లాం. షరతు ఒక్కటే. పిలిస్తే తప్ప తమ్ముడు దగ్గరికి రాకూడదు. ఆయన ఎర ముద్ద ఉన్న గిన్నె పట్టుకుని తుమ్మచెట్టు కింద కూర్చున్నారు.

ఎండ కాస్త ఎక్కాక నీళ్ల మీద తేలుతున్న బెండు మునిగింది. రాడ్ వంగింది. దారం రీలు మీంచి పాడుతూ పోయింది. పెద్దసారు దాన్ని పోనిచ్చారు. చేప ఆగినప్పుడు లేపారు, దించారు, చుట్టారు. అది మళ్లీ తీసుకుపోయింది. మళ్లీ పోనిచ్చారు. దుకాణంలో మేం చేసిందంతా ఈ చేపకు ఎవరో ముందే చెప్పినట్టు అలాగే చేస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే ప్రసాదరావుగారు లేచి నిలబడి ఉన్నారు. రెండు చేతులూ మణికట్టు దాకా ఎర ముద్దలో పెట్టి పిసుకుతున్నారు. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

చేప ఒడ్డు దగ్గరికి వచ్చింది. దాని పెద్ద తల, వెండి పక్క ఒకసారి తళుక్కుమన్నాయి. మా కాళ్లు చూసింది. ఆఖరి గుంజు గుంజింది. పెద్దసారు కుడిచేయి పిడి మీంచి జారిపోయింది.

తమ్ముడు ఒక అడుగు ముందుకు వేశారు. ఆయన అక్కడే ఆగారు. ముద్ద పిసుకుతూనే ఉన్నారు.

బ్రేకు వదులుగానే ఉంది కాబట్టి దారం పోతోంది కానీ తెగలేదు. పెద్దసారు కుడిచేతిని మెల్లగా ఎత్తి పిడి దగ్గరికి తెచ్చారు. ముందు చూపుడు వేలు తగిలించారు. తర్వాత బొటనవేలు. మిగతా వేళ్లు ఒక్కొక్కటే వచ్చాయి. అప్పుడు మళ్లీ లేపారు, దించారు, చుట్టారు. చేప పక్కకు ఒరిగింది.

"ప్రసాదూ," అన్నారు తల తిప్పకుండా. "వల."

తమ్ముడు అదే ముద్ద చేతులతో వల అందుకుని నీళ్లలో ముంచి కదలకుండా పట్టుకున్నారు. చేప మీదికి తోయలేదు. అన్నగారు దాని తలను వల వైపు నడిపించారు. చేప తనంతట తానే వచ్చినట్టు లోపలికి వచ్చింది.

ఇద్దరూ వంగి దాన్ని చూశారు. తర్వాత పెద్దసారు అన్నారు. "నర్సింహా, మీ ఓనరుని చేతులు కడుక్కోమని చెప్పు. చీమలు పట్టేస్తాయి."

"నువ్వే చెప్పొచ్చుగా అన్నయ్యా," అన్నారు ప్రసాదరావుగారు.

ఆ సాయంత్రం కాచిగూడలో వాళ్లింట్లో చేపల పులుసు తిన్నాం. పెద్దసారు తన అన్నం తానే కలుపుకున్నారు. కాస్త కంచం పక్కన పడింది. ఎవరూ ఎత్తలేదు.

ఆఖరి ఆదివారం

నా ఉద్యోగపు చివరి రోజు శాలువా వద్దన్నాను. ప్రసాదరావుగారు రాడ్ నా చేతికి ఇచ్చారు. "ఇన్నేళ్లూ చేపవి నువ్వు. ఇవాళ మేం," అన్నారు. అన్నదమ్ములిద్దరూ కొయ్యముక్క పట్టుకుని మెట్లు దిగారు.

మొదట బాగానే లాగారు. మూల తిరిగాక దారం బిగుసుకుంది. ఇక కదల్లేదు. కొత్తగా చేరినవాళ్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు కాబట్టి నేను పాఠం మొదలుపెట్టాను. పెద్ద చేప అడుగున కూర్చుంటే తొందరపడకూడదని చెప్పాను. బ్రేకు వదిలాను, పక్కకు జరిగి కోణం మార్చాను, కాసేపు ఊరుకుని మళ్లీ లేపాను. కదల్లేదు. ఇలాంటి చేపను నా ఉద్యోగంలో చూడలేదని కూడా వాళ్లతో అన్నాను.

ఖాజా భాయ్ మూల తిరిగి తీరిగ్గా నడిచి వచ్చాడు.

"ఎంతసేపు గుంజుతవ్ నర్సింహ భాయ్? నీ చేపలు దారాన్ని కరెంటు స్తంభానికి గట్టేసి, ఇరానీ హోటల్ల గూసొని చాయ్ తాగుతున్నయ్. చిన్న చేప పెద్ద చేప బిస్కెట్‌ను చాయ్‌ల ముంచబోయింది. పెద్ద చేప చెయ్యి మీద ఒక్కటిచ్చింది."

"ఏ చేత్తో?" అని అడిగాను.

"కుడిచేత్తోనే భాయ్. చప్పుడు నాకు బయటికి ఇనబడ్డది."

రాడ్ పక్కన నిలబడ్డవాళ్ల చేతికి ఇచ్చి, దారం వెంటే నడుచుకుంటూ మూల తిరిగాను. హోటల్లో వాళ్ల బల్ల దగ్గర మూడో కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు చాయ్ పొగలు కక్కుతోంది.